ఇంగ్లండులో కన్సర్వేటరీ కట్టించుకునేవారు నమ్మదగిన కంపెనీని ఎంచుకోవడం ఎలా?

ఇంగ్లండులో సొంత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల్లో రెండు చలికాలాలు గడిచేసరికి, పెరటి వైపు ఒక గాజు గది వేయించుకుంటే బాగుండునన్న మాట వస్తుంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చలిగాలి తగలకుండా ఎండలో కూర్చుంటారని ఒకరు, పిల్లల బొమ్మలు హాల్లోంచి కదులుతాయని ఒకరు, కుండీలో పెంచుతున్న కరివేపాకు మొక్క ఈసారైనా జనవరి దాటుతుందని మరొకరు కారణం చెబుతారు. ఇక్కడివారు కన్సర్వేటరీ అనే ఈ గదికి వేల పౌండ్లు ఖర్చవుతుంది. ఆ డబ్బు ఎవరి చేతిలో పెట్టాలన్నది తేల్చుకోవడానికి కనీసం రెండు నెలల వ్యవధి ఉంచుకోవడం మంచిది.

ఎందుకంత జాగ్రత్త అంటే, ఇంగ్లండులో మామూలుగా ఇంటికి గది కలిపేటప్పుడు పునాదిలో కాంక్రీటు పోసే ముందు బిల్డింగ్ కంట్రోల్ ఇన్‌స్పెక్టరు వచ్చి తవ్విన కందకాన్ని చూసి వెళతారు. కన్సర్వేటరీ విషయంలో అలా జరగదు. అది నేలమట్టంలో ఉండి, దాని వైశాల్యం 30 చదరపు మీటర్ల లోపు ఉండి, ఇంటికీ దానికీ నడుమ బయటి గోడకు తగినంత దిట్టమైన తలుపు అలాగే ఉండి, ఇంటి హీటింగును అందులోకి పొడిగించకుండా ఉంటే, బిల్డింగ్ రెగ్యులేషన్లలో చాలా వాటి నుంచి దానికి మినహాయింపు లభిస్తుంది. గాజు భద్రతకు, కరెంటు పనికి మాత్రం నిబంధనలు వర్తిస్తాయి. ఈ మినహాయింపు వల్ల ఖర్చూ కాలమూ కలిసివస్తాయన్నది నిజమే కాని, పునాది ఎంత లోతు తవ్వారో తనిఖీ చేసే అధికారి లేకుండా పోవడం కూడా దీని ఫలితమే. కాబట్టి కంపెనీ నిజాయితీ మీద ఇక్కడ మామూలు కంటే ఎక్కువ ఆధారపడవలసి వస్తుంది. ఈ వ్యాసంలో చెప్పిన నిబంధనలు ఇంగ్లండుకు సంబంధించినవి. స్కాట్లండు, వేల్స్, ఉత్తర ఐర్లండులలో తేడాలున్నాయి.

మొదటి పని: కంపెనీని పిలిచే ముందు మీ ఇంటి సంగతి తెలుసుకోండి

మీకు కొంత తెలిసి ఉంటేనే ఎదుటివారికి ఎంత తెలుసో అంచనా వేయగలుగుతారు. ప్లానింగ్ అనుమతి లేకుండానే కట్టుకోగలిగిన హద్దులు ఇంటి రకాన్ని బట్టి మారతాయి. డిటాచ్డ్ (విడిగా నిలిచిన) ఇంటికైతే వెనుక గోడ నుంచి 4 మీటర్లు, సెమీ డిటాచ్డ్ (ఒక పక్క గోడ పొరుగింటితో కలిసిన) ఇంటికీ వరుస ఇళ్ళకూ 3 మీటర్లు ముందుకు రావచ్చు. కౌన్సిలుకు ముందుగా తెలియజేసి, పొరుగువారి అభ్యంతరాలకు అవకాశమిచ్చే పద్ధతిలో వెళితే ఇవి 8, 6 మీటర్ల దాకా పెరుగుతాయి. మొత్తం ఎత్తు 4 మీటర్లు దాటకూడదు. సరిహద్దుకు 2 మీటర్ల లోపు కడుతుంటే చూరు ఎత్తు 3 మీటర్లు మించకూడదు. ఈ కొలతలన్నీ ‘మొదటి ఇల్లు’ గోడ నుంచి లెక్కించాలి. అంటే 1948 జులై 1 నాటికి ఉన్న ఇల్లు, లేదా ఆ తరువాత కట్టినదైతే తొలుత కట్టినప్పటి ఇల్లు. మీకంటే ముందు ఉన్నవారు ఇప్పటికే వెనుక వైపు వంటగదిని పెంచి ఉంటే, ఆ పెరిగినంత మేరా మీ వాటాలోంచి తరిగిపోయినట్టే లెక్క.

మనవాళ్ళు ఎక్కువగా కొనే కొత్త ఎస్టేట్ ఇళ్ళ విషయంలో మరొక చిక్కుంది. ఆ ఎస్టేటుకు అనుమతి ఇచ్చేటప్పుడే, విడిగా అనుమతి లేకుండా కట్టుకునే ఈ హక్కులను కౌన్సిల్ తొలగించి ఉండవచ్చు. లేదా బిల్డరు అనుమతి లేకుండా ఏమీ కట్టకూడదన్న షరతు మీ దస్తావేజుల్లోనే ఉండవచ్చు. ఇల్లు కొన్నప్పుడు సొలిసిటర్ పంపిన కాగితాలను తీసి ఒకసారి చదవండి. ఫ్లాట్లకు ఈ హక్కులు లేవు. పాత కట్టడాల రూపాన్ని కాపాడేందుకు గుర్తించిన కన్సర్వేషన్ ఏరియాల్లో నిబంధనలు మరింత బిగుతుగా ఉంటాయి. సందేహం మిగిలితే, మీరు కట్టేది చట్టబద్ధమేనని ధ్రువీకరించే ‘లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్’ కోసం కౌన్సిలుకు దరఖాస్తు చేసుకోండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కూడా అది పనికివస్తుంది.

ఇక నేల కింది సంగతి. పెరట్లో మ్యాన్‌హోల్ మూత ఉందేమో చూడండి. ఇద్దరి ఇళ్ళ నీళ్ళు కలిసి పోయే మురుగు గొట్టాల్లో చాలా వరకు 2011 అక్టోబరు 1 నుంచి నీటి కంపెనీల అధీనంలోకి వెళ్ళాయి. అటువంటి గొట్టానికి 3 మీటర్ల లోపు కట్టాలంటే ఆ కంపెనీ ఒప్పుకోలు ముందుగా తీసుకోవాలి. పొరుగింటికి 3 మీటర్ల లోపు, వారి పునాది కంటే లోతుగా తవ్వవలసి వస్తే పొరుగువారి గోడలకూ పునాదులకూ సంబంధించిన 1996 నాటి పార్టీ వాల్ చట్టం ప్రకారం నెల రోజుల ముందు వారికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి కాని, ఇంటికి వచ్చిన సర్వేయరుకు ముందే చూపించకండి. వారంతట వారు అడుగుతారేమో చూడవలసిన ప్రశ్నలివి.

రెండో పని: మూడు పేర్లు సంపాదించండి

అన్నిటికంటే మంచి చిరునామా మీ వీధిలోనే దొరుకుతుంది. ఒకే కాలంలో, ఒకే బిల్డరు కట్టిన ఇళ్ళలో నేలా గోడలూ గొట్టాల దారులూ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి, నాలుగిళ్ళ అవతల పని చేసినవారికి మీ ఇంటి ఇబ్బందులు సగం తెలిసే ఉంటాయి. మూడు పేర్లలో ఒకటైనా మీ ఊరి చిన్న సంస్థ అయ్యేలా చూసుకోండి. తెలుగు వాట్సాప్ గ్రూపులో అడిగితే పేర్లు చాలానే వస్తాయి కాని, పోయిన నెలలో పని పూర్తయినవారి మెచ్చుకోలుకు పెద్ద విలువ ఇవ్వకండి; కొత్త కన్సర్వేటరీ ప్రతిదీ బాగానే కనిపిస్తుంది.

కంపెనీలు తమ వెబ్‌సైట్ల మీద వేసుకునే ముద్రల అర్థం తెలుసుకోవాలి. ట్రస్ట్‌మార్క్ ప్రభుత్వం ఆమోదించిన నాణ్యతా పథకం. గ్లాస్ అండ్ గ్లేజింగ్ ఫెడరేషన్ ఈ వృత్తిలో ఉన్నవారి సంఘం. ఎక్కువమంది పొరపాటు పడేది ఫెన్సా విషయంలో. 2002లో మొదలైన ఈ పథకం, ఉన్న ఇంట్లో పాత కిటికీలూ తలుపులూ మార్చినప్పుడు అది నిబంధనల ప్రకారమే జరిగిందని సంస్థలు తామే ధ్రువీకరించుకోవడానికి ఏర్పడినది. మినహాయింపు ఉన్న కొత్త కన్సర్వేటరీకి ఫెన్సా సర్టిఫికెట్ రాదు. ‘మాకు ఫెన్సా ఉంది, మీ కన్సర్వేటరీకి సర్టిఫికెట్ ఇస్తాం’ అని ఎవరైనా చెబితే, వారికి తమ పని గురించి తెలియదని అయినా అనుకోవాలి, మీకు తెలియదని వారు అనుకుంటున్నారని అయినా అనుకోవాలి. ముద్ర ఏదైనా సరే, ఆ పథకం సొంత వెబ్‌సైటులోకి వెళ్ళి కంపెనీ పేరు నిజంగా ఉందో లేదో వెతకండి.

మూడో పని: కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు చదవండి

బ్రిటన్‌లో రిజిస్టరైన ప్రతి లిమిటెడ్ కంపెనీ వివరాలూ, కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ అయిన కంపెనీస్ హౌస్ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. కొటేషన్ కాగితం మీద అడుగున కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పేరుతో కాకుండా ఆ నంబరుతోనే వెతకండి, ఎందుకంటే ఒకే పేరుకు దగ్గరగా ఉండే కంపెనీలు నాలుగైదు ఉండవచ్చు.

ముందుగా కంపెనీ ఎప్పుడు పుట్టిందో చూడండి. ‘ముప్పై ఏళ్ళ అనుభవం’ అని కరపత్రంలో ఉండి, రిజిస్ట్రేషను తేదీ నిరుటిదైతే, ఆ ముప్పై ఏళ్ళూ ఏ పేరుతో గడిచాయో అడగాలి. తరువాత డైరెక్టర్ల పేర్ల మీద నొక్కండి. వారు ఇంతకు ముందు నడిపిన కంపెనీలన్నీ కనిపిస్తాయి. రెండు మూడేళ్ళకొక కంపెనీ మూతపడటం, అదే చిరునామాలో కాస్త మార్చిన పేరుతో మరొకటి తెరుచుకోవడం కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. పాత కంపెనీ ఇచ్చిన పదేళ్ళ గ్యారంటీలన్నీ దానితోనే పోయి ఉంటాయి. ఆపైన లెక్కల పత్రాలు చూడండి. అవి గడువు దాటినా దాఖలు కాకపోతే అదొక హెచ్చరిక. చేతిలో ఉన్న డబ్బూ రావలసిన డబ్బూ కలిపిన మొత్తం కంటే ఏడాదిలోపు తీర్చవలసిన బాకీలు బాగా ఎక్కువగా ఉంటే, ఆ కంపెనీ కొత్త కస్టమర్ల డిపాజిట్లతో పాత పనులు పూర్తి చేస్తూ ఉండే అవకాశం ఉంది. సొంతంగా పనిచేసుకునే మేస్త్రీలు ఈ జాబితాలో ఉండరు. అంతమాత్రాన వారిని తీసిపారేయనక్కరలేదు, వారి విషయంలో పాత పనులు చూడడం మీద ఎక్కువ ఆధారపడాలి.

పెద్ద పేరు ఉన్నంత మాత్రాన ఈ పని మానుకోకూడదు. కిటికీలూ కన్సర్వేటరీలూ అమ్మే, 1965 నుంచి ఇంటింటా పేరున్న ఎవరెస్ట్ 2020లో ఒకసారి, 2024లో మరొకసారి అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే అప్పులు తీర్చలేని స్థితిలో బయటి నిర్వాహకుల చేతిలోకి వెళ్ళింది. కిటికీల వ్యాపారంలో పెద్దదైన సేఫ్‌స్టైల్ 2023 అక్టోబరులో అదే దారి పట్టింది.

నాలుగో పని: ఇంటికి వచ్చినవారు ఏం చూస్తున్నారో చూడండి

నా దృష్టిలో ఇది అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష. వచ్చినవారు సోఫాలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో రంగురంగుల బొమ్మలు చూపించడం మొదలుపెడతారా, లేక బూట్లు వేసుకుని పెరట్లోకి నడుస్తారా అన్నది గమనించండి. పని తెలిసిన సర్వేయరు మ్యాన్‌హోల్ మూత ఎత్తి గొట్టం ఎటు పోతోందో చూస్తాడు. గోడ అడుగున తేమను ఆపే పొర ఎంత ఎత్తులో ఉందో కొలుస్తాడు. నేలకు దగ్గరగా ఉన్న ఎయిర్ బ్రిక్కులను, అంటే గాలి వెళ్ళే రంధ్రాలున్న ఇటుకలను లెక్కపెడతాడు. చెక్క నేల ఉన్న ఇంట్లో వాటిని మూసేస్తే కింద గాలాడక చెక్క కుళ్ళిపోతుంది. బాయిలర్ పొగగొట్టం ఆ గోడలోంచే బయటికి వస్తోందా అని చూస్తాడు, ఎందుకంటే వస్తుంటే దాన్ని ముందుగా మార్చవలసిందే. పక్కింటి చెట్టు ఎంత దూరంలో ఉందని అడుగుతాడు. గాజు సంగతి ఆ తరువాతే ఎత్తుతాడు.

అప్పుడు మీరు ఒక ప్రశ్న అడగండి: ‘కన్సర్వేటరీ పూర్తయ్యాక మధ్య తలుపు తీసేసి వంటగదితో కలిపేసుకోవచ్చా?’ చాలామందికి ఆ కోరిక ఉంటుంది కాబట్టి ప్రశ్న సహజంగానే ఉంటుంది. తలుపు తీసేస్తే మినహాయింపు పోయి బిల్డింగ్ రెగ్యులేషన్ల ఆమోదం అవసరమవుతుందని, చలికాలంలో ఇంటి వేడంతా అటు పోతుందని చెప్పినవారిని నమ్మవచ్చు. ‘ఎవరూ వచ్చి చూడరు లెండి, తీసేద్దాం’ అన్నవారు మీ పునాది విషయంలోనూ అదే మాట అనుకుంటారు.

ధర చెప్పే తీరు కూడా గమనించదగినదే. మా ఇంటికి వచ్చిన మొదటి సేల్స్‌మన్ మూడు గంటలు కూర్చుని ఒక పెద్ద అంకె చెప్పి, తన మేనేజరుకు ఫోను చేసి, ఈ రాత్రే సంతకం పెడితే దాదాపు సగానికి ఇస్తామన్నాడు. రాత్రికి రాత్రి సగానికి తగ్గే ధర మొదటి నుంచీ అసలు ధర కాదు. ఈ రోజు ఒక్కరోజే అని అబద్ధమాడి తొందరపెట్టడం, వెళ్ళమన్నా ఇంట్లోంచి వెళ్ళకపోవడం ఇక్కడి వినియోగదారుల చట్టం నిషేధించిన పనులు. మొహమాటపడి టీ మీద టీ ఇస్తూ కూర్చోకండి; అతిథి మర్యాద వేరు, బేరం వేరు.

ఐదో పని: కొటేషన్‌ను వరుస వరుసా చదవండి

మూడు కొటేషన్లు వచ్చాక మొత్తాలను పోల్చే ముందు, వాటిలో ఏమేమి ఉన్నాయో పోల్చాలి. ‘పునాది, గోడ’ అని రెండు మాటలు రాసి వదిలేసిన కొటేషన్‌కు విలువ లేదు. లోతు ఎంతో అంకెల్లో ఉండాలి. ఆగ్నేయ ఇంగ్లండులో చాలాచోట్ల ఉన్న బంకమట్టి మన గుంటూరు నల్లరేగడి లాంటి గుణం కలది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి బీటలు వారుతుంది. అటువంటి నేలలో చెట్లు దగ్గర లేకపోయినా పునాది మీటరు దాకా వెళ్ళవలసి రావచ్చు, చెట్లుంటే ఇంకా లోతుకు వెళ్ళాలి. లోతు చాలని కన్సర్వేటరీ ఒకటి రెండు వేసవుల తరువాత ఇంటి గోడ నుంచి మెల్లగా విడిపోవడం మొదలవుతుంది. తలుపు పట్టేస్తుంది, మూలలో చీలిక వస్తుంది, దాన్ని సీలెంటుతో నింపి వెళ్ళిపోతారు, మరుసటి వేసవిలో మళ్ళీ చీలుతుంది.

రెండోది కావిటీ ట్రే. ఇక్కడి ఇళ్ళకు చాలా వరకు రెండు పొరల గోడలుంటాయి. వాన నీరు బయటి పొరలోంచి కొంత లోపలికి ఇంకి, మధ్య సందులో కిందికి జారి బయటికి పోతుంది. ఆ గోడకు కన్సర్వేటరీ పైకప్పు ఆనించాక, కప్పు కింద ఉన్న గోడ భాగం లోపలి గోడ అయిపోతుంది కాబట్టి, పైనుంచి దిగే నీటిని కప్పుకు పైనే బయటికి మళ్ళించే ట్రే ఒకటి గోడలో అమర్చాలి. ఇటుకలు కొన్ని తీసి చేయవలసిన పని కావడంతో దీన్ని ఎగ్గొట్టేవారు ఎక్కువ. సీసపు రేకు ఒక్కటి వేసి సరిపెడతామంటే, మీ గోడకు అది ఎందుకు చాలుతుందో రాసి ఇమ్మనండి.

గాజు విషయంలో ఏ రకమో, ఎండ వేడిని ఎంత తగ్గిస్తుందో కొటేషన్‌లో ఉండాలి. తలుపుల్లోనూ, నేల నుంచి 800 మిల్లీమీటర్ల లోపు ఎత్తులోనూ భద్రతా గాజే వాడాలి. దాని మూలలో చెరగని ముద్ర ఉంటుంది. వీటితో పాటు మట్టి తీసి పారవేయడం, ఎలక్ట్రీషియన్, లోపలి ప్లాస్టరింగ్, డ్రెయిను మార్పులు, 20 శాతం వ్యాట్ కలిసి ఉన్నాయో లేదో చూడండి. వ్యాట్ లేకుండా నగదు ఇమ్మనేవారికి దణ్ణం పెట్టి పంపేయండి. రసీదు లేని పనికి గ్యారంటీ ఉండదు.

ఆరో పని: ఐదేళ్ళ నాటి పని ఒకటి చూపించమనండి

వీలైతే వాన పడుతున్న రోజున వెళ్ళండి. ఇంటి గోడా కన్సర్వేటరీ చట్రమూ కలిసే చోట సందు తెరుచుకుందా, కప్పు కింద గోడ మీద తేమ మరక ఉందా, రెండు పొరల గాజు మధ్య మసక చేరిందా అని చూడండి. తలుపు ఒకసారి తీసి వేసి చూడండి. చూడడం అయ్యాక ఇంటివారిని ఒకే సంగతి అడగండి: ఏదైనా తేడా వచ్చి ఫోను చేస్తే కంపెనీవాళ్ళు ఎన్నాళ్ళకు వచ్చారు? ఏ తేడా రాలేదన్న జవాబు కంటే, వచ్చింది కాని వారంలో వచ్చి సరిచేశారన్న జవాబు నాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

ఏడో పని: డబ్బు ఎలా చెల్లించాలో ముందే తేల్చుకోండి

డిపాజిట్‌లో కొంతైనా క్రెడిట్ కార్డుతో, నేరుగా కాంట్రాక్టు రాసిన కంపెనీకే చెల్లించండి. వస్తువు లేదా పని ధర 100 పౌండ్లకు మించి, 30,000 పౌండ్లు దాటకుండా ఉంటే, 1974 నాటి కన్‌స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ ప్రకారం కార్డు కంపెనీ కూడా బాధ్యత వహించాలి. కార్డు మీద కట్టింది కొద్ది మొత్తమే అయినా ఆ బాధ్యత మొత్తం కాంట్రాక్టుకు వర్తిస్తుంది. కంపెనీ మూతపడితే మీకు మిగిలే గట్టి ఆధారాల్లో ఇదొకటి. ‘కార్డు తీసుకోం, బ్యాంకు బదిలీ చేయండి’ అంటే డిపాజిట్ తగ్గించమనండి.

గ్యారంటీ ఎన్నేళ్ళన్నది కాకుండా, దాని వెనుక ఇన్సూరెన్స్ ఉందా అని అడగండి. కంపెనీ లేకుండా పోయినా ఇన్సూరెన్స్ సంస్థ నిలబెట్టే గ్యారంటీ అయితే, పాలసీ మీ పేరు మీద మీ ఇంటికి రావాలి. కంపెనీ ఆఫీసులో ఫైలులో ఉందన్న మాట చాలదు.

మిగతా సొమ్మును పని నడకతో ముడిపెట్టండి. పునాది పూర్తయ్యాక కొంత, చట్రాలూ గాజూ ఇంటికి చేరాక కొంత, పని ముగిశాక కొంత ఇచ్చేలా రాసుకుని, కనీసం పదో వంతు చివరి దాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఇంట్లో కూర్చుని సంతకం పెట్టిన ఒప్పందాలను సాధారణంగా 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు కాని, మీ కొలతలకు ప్రత్యేకంగా చేయించే వస్తువులకు ఆ హక్కు వర్తించకపోవచ్చు. అందుకని సర్వే పూర్తయ్యేదాకా ఆర్డరు ఖాయం కాదన్న వాక్యాన్ని కాంట్రాక్టులో రాయించుకోండి. పని మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ప్లానింగ్, మురుగు గొట్టం, పార్టీ వాల్ కాగితాలు ఎవరి బాధ్యతో కూడా అందులోనే ఉండాలి.

ఎనిమిదో పని: పని జరిగే రోజుల్లో

కందకం తవ్విన రోజున ఇంట్లోనే ఉండండి. కాంక్రీటు పోయక ముందు టేపు పెట్టి లోతు కొలిచి, టేపు కనిపించేలా ఫోటోలు తీసుకోండి. ఈ సంగతి ముందుగానే కంపెనీకి చెప్పి ఉంచండి. నికార్సయినవారు ఏమీ అనుకోరు. మీకు నమ్మకం చాలకపోతే ఆ ఒక్కరోజుకు స్వతంత్ర సర్వేయరును పిలిపించుకోండి. కావిటీ ట్రే అమర్చేటప్పుడు కూడా ఫోటో తీసుకోండి, ఇటుకలు తిరిగి పెట్టాక అది ఎవరికీ కనిపించదు.

అంతా అయిపోయిందని ఫోను వచ్చాక చివరి విడత వెంటనే పంపకండి. ఒక మంచి వాన పడేదాకా ఆగండి, లేదా గోడా కప్పూ కలిసే చోట పావుగంట సేపు పైపుతో నీళ్ళు కొట్టి చూడండి. లోపాలుంటే రాతపూర్వకంగా జాబితా ఇచ్చి, అన్నీ సరిచేశాక డబ్బు పంపండి. కొత్త సర్క్యూటుకు ఎలక్ట్రికల్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ గ్యారంటీ పాలసీ, నీటి కంపెనీ ఒప్పుకోలు, కౌన్సిల్ సర్టిఫికెట్, మీరు తీసిన ఫోటోలు అన్నీ దస్తావేజుల ఫైలులోనే పెట్టుకోండి. ఇల్లు అమ్మేటప్పుడు నింపే టీఏ6 పత్రంలో కన్సర్వేటరీ గురించి అడుగుతారు, కొనేవారి సొలిసిటర్ ఈ కాగితాలను ఒక్కొక్కటిగా చూపించమంటారు.